పడవ నడపడం ఆయనకొక్కరికే వస్తే, రాత్రి కాపలా ఎవరిది?

ప్రశ్న: మాది విజయవాడ. చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. మావారికి 54, నాకు 49. మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక ఇల్లు అద్దెకిచ్చి 36 అడుగుల తెరచాప పడవ కొన్నారు. అక్టోబరులో వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో బయల్దేరి, తీరం వెంట ఫ్లోరిడా వైపు వెళ్తున్నాం. ఇప్పుడు నార్త్ కరోలినాలో బోఫోర్ట్ దగ్గర ఆగాం. లంగరు వేసే ప్రతిసారీ నేను ముందు అంచున వంగి గొలుసుతో కుస్తీ పడుతుంటే, ఆయన వెనక చుక్కాని దగ్గర నిలబడి ‘బుర్ర లేదా నీకు’ అని అరుపులు, నా కన్నీళ్లు. థ్యాంక్స్ గివింగ్ పండక్కి అమ్మాయి సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ వస్తుందని, ఇక్కడి నుంచి సముద్రం మీద నేరుగా వెళ్లిపోదాం అంటున్నారు. నాకు పడవ నడపడం రాదు, భయం అంటే ‘నువ్వు పడుకో, నేను చూసుకుంటా’ అంటారు. అమ్మకి ఫోన్ చేస్తే సర్దుకుపొమ్మంది. పడవ దిగి వెళ్లిపోవాలనిపిస్తోంది. నాదే తప్పా?

జవాబు: తప్పు మీది కాదమ్మా. మీ భయంలో పిరికితనం కూడా లేదు, లెక్క ఉంది. బోఫోర్ట్ నుంచి చార్లెస్టన్‌కి సముద్రం మీద 200 నాటికల్ మైళ్లకు పైనే. మీలాంటి పడవ గంటకు ఐదారు నాటికల్ మైళ్లు నడుస్తుంది. అంటే ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు. మధ్యలో కేప్ ఫియర్ దగ్గర సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకొచ్చిన ఇసుక మేటలను చుట్టి వెళ్లాలి. ఇద్దరున్న పడవలో ఒకరు పడుకుంటే రెండోవారు కాపలా ఉంటారు. మీకు పడవ రానప్పుడు ఆయన నిద్రపోయేది ఎప్పుడు? పేరుకి ఇద్దరున్నా ఆయన ఒంటరిగా నడుపుతున్నట్టే. ఆయన కాలు జారి నీళ్లలో పడితే పడవని వెనక్కి తిప్పే మనిషి లేదు. ‘నేను చూసుకుంటా’ అన్న మాటలో ప్రేమ ఉండొచ్చు, జాగ్రత్త మాత్రం లేదు.

లోపల కాలువలు, నదుల మీదుగా ఇంట్రాకోస్టల్ వాటర్‌వే ఉండనే ఉంది. చీకటి పడేలోగా ఆగుతూ వెళ్తే ఐదారు రోజుల్లో చార్లెస్టన్ చేరొచ్చు. ఆలస్యమైతే అమ్మాయినే మరో ఊరికి రమ్మనండి. విల్మింగ్టన్‌లో, మిర్టిల్ బీచ్‌లో విమానాశ్రయాలున్నాయి. పడవల్లో తిరిగేవాళ్లు వచ్చే అతిథికి తేదీ అయినా చెబుతారు, చోటు అయినా చెబుతారు, రెండూ కలిపి చెప్పరు. క్యాలెండర్ చూసి వాతావరణాన్ని పట్టించుకోకుండా బయల్దేరడమే పడవకి పెద్ద ప్రమాదం.

ఇక అరుపుల సంగతి. మీ ఉత్తరంలో ఒక వివరం దగ్గర ఆగిపోయాను. మీరు ముందు అంచున వంగి గొలుసుతో కుస్తీ పడుతుంటే, ఆయన వెనక చుక్కాని దగ్గర నిలబడి చెబుతుంటారని రాశారు. చాలా జంటలు ఇలాగే చేస్తాయి. ఇది తిరగబడాలి. బరువు పని బలమున్నవారిది. చుక్కానికి, ఇంజనుకి బలం అక్కర్లేదు, అలవాటు కావాలి. రేపటి నుంచి లంగరు దగ్గర ఆయన, చుక్కాని దగ్గర మీరు. ముందుకు, వెనక్కి, ఆపు, లంగరు పట్టింది - ఈ నాలుగింటికీ చేతి సైగలు ముందే అనుకోండి. గాలిలో, ఇంజను చప్పుడులో ముప్పై అడుగుల దూరం మాట వినపడదు కాబట్టి గొంతు పెరుగుతుంది. చెవికి పెట్టుకుని మాట్లాడుకునే హెడ్‌సెట్లు దొరుకుతాయి, కొనుక్కోండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

కానీ గొంతు పెరగడం వేరు, ‘బుర్ర లేదా నీకు’ అనడం వేరు. రెండోదానికి గాలి కారణం కాదు. ఒడ్డున ఉన్నప్పుడూ ఆయన ఇలాగే మాట్లాడేవారా అన్నది మీరు రాయలేదు. ఆలోచించుకోండి. అది పాత అలవాటైతే, పైగా డబ్బు, ఫోను ఆయన చేతిలోనే ఉంటే, చెయ్యి లేస్తుంటే, ఇది పడవ సమస్య కానే కాదు. 1-800-799-7233కి ఫోన్ చేయండి. గృహహింస బాధితుల కోసం పనిచేసే హెల్ప్‌లైన్ అది.

అలా కాకపోతే ఈ మాట చెప్పి చూడండి. లంగరు వేసేటప్పుడు కాదు, సాయంత్రం ఇంజను ఆపి, టీ తాగుతూ ఉన్నప్పుడు. ‘ఏవండీ, నేను రానని అనడం లేదు. మీరు పడుకున్నప్పుడు పడవ నేను చూసుకోగలను అనిపించాక రాత్రి ప్రయాణం పెట్టుకుందాం. అప్పటిదాకా లోపలి దారే.’ ఆయన కల మీద మీకు కోపం లేదని తెలియాలి, మీ మాటకు విలువ ఉందనీ తెలియాలి.

పడవ మాత్రం ఆయన దగ్గర నేర్చుకోకండి. భర్త పక్కన కూర్చుని కారు నేర్పితే ఇద్దరికీ ఏమవుతుందో మీకు తెలిసిందే. అమెరికన్ సెయిలింగ్ అనే శిక్షణ సంస్థ వారి 101 అనే మొదటి కోర్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆడవాళ్లకే ప్రత్యేకంగా నేర్పే చోట్లూ ఉన్నాయి. ఈలోగా తెరచాప దించడం, ఇంజను స్టార్ట్ చేయడం, పడవలో ఉండే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ మీద సాయం అడగడం ఆయన చేత చూపించుకుని, మీ చేత్తో చేయండి.

అన్నిటికంటే ముందు డింగీ, అంటే ఒడ్డుకి వెళ్లి రావడానికి వాడే చిన్న మోటారు పడవ. ఇంట్లో గొడవైతే పక్క గదిలోకి వెళ్తాం, కాసేపు వీధి చివరిదాకా నడిచొస్తాం. లంగరు వేసిన పడవలో ఆ వీలు లేదు. ఒడ్డుకి వెళ్లాలన్నా ఆయనే డింగీలో దింపాలి. మీకు ఊపిరాడనట్టు ఉండటానికి పెద్ద కారణం ఇదేనని నాకనిపిస్తోంది. లైఫ్ జాకెట్ వేసుకుని, మనిషి పడిపోతే మోటారుని ఆపేసే సేఫ్టీ తాడు మణికట్టుకి తగిలించుకుని, స్టార్టర్ తాడు లాగి మోటారు స్టార్ట్ చేయడం గాలి లేని ఒక ఉదయం నేర్చుకోండి. బోఫోర్ట్‌లో ఒడ్డు దగ్గరే కాబట్టి ఇక్కడే మొదలుపెట్టండి. రోజూ ఓ గంట ఒక్కరే వెళ్లి రండి. కావాలంటే నాలుగు రోజులు అమ్మాయి దగ్గర ఉండి రండి, అది కాపురం చెడగొట్టుకోవడం కాదని మీ అమ్మగారికీ చెప్పండి. విడిపోవాలా అన్న ప్రశ్నకి ఇప్పుడే జవాబు వెతక్కండి. చుక్కాని మీ చేతికొచ్చాక ఆయన మీతో ఎలా ఉంటున్నారో చూసి, నాకు మళ్లీ రాయండి.