వదిలిన వస్తువు ఎక్కడ పడింది?

మైలాపూరు, చెన్నై

అమ్మాయీ,

నువ్వు తెలుగు చేసి పంపిన కథ చదివాను. ఇరవై రెండు పేజీల్లో తొమ్మిది చోట్ల 'వదిలేశాడు', 'వదిలేసింది' తగిలాయి. ఇంగ్లీషు ప్రతి పక్కన పెట్టుకుని చూస్తే ఆ తొమ్మిది చోట్లా ఏడు వేరువేరు క్రియలున్నాయి: రెలింక్విష్, రినౌన్స్, అబాండన్, సరెండర్, వెయివ్, ఫర్‌గో, క్విట్. నిఘంటువు తీస్తే అన్నిటికీ ఒకటే వరస: విడుచు, వదలు, త్యజించు. అక్కడే బోల్తా పడ్డావు.

ఇలాంటి చోట మాట వెంట పోకు, వదిలిన వస్తువు వెంట పో. చెయ్యి జారాక అది ఎక్కడ పడింది? ఇంకొకడి చేతిలోనా, నేల మీదా, లేక ఎక్కడా పడకుండా మాయమైందా? అది తెలిస్తే తెలుగు క్రియ దానంతట అదే వస్తుంది.

మూడో పేజీలో అన్నగారు ఇంట్లో తన వాటా రెలింక్విష్ చేశాడు. నువ్వు 'వాటా వదిలేశాడు' అన్నావు. ఆ వాటా ఇప్పుడెవరిది? ఉమ్మడి ఆస్తిలో ఒకరు తన హక్కును మిగతా వాటాదారుల పరం చేస్తే రాసే పత్రాన్ని ఇక్కడి రిజిస్ట్రారు ఆఫీసుల్లో రిలీజ్ డీడ్ అంటారు, మన దస్తావేజుల్లో హక్కు విడుదల. వాటాలేని బయటివాడికి ఇస్తే దాన్ని విడుదల అనరు, అమ్మకమో దానమో అనాలి. అంటే రెలింక్విష్‌లో పట్టు సడలుతుంది, వస్తువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 'తన వాటా హక్కు తమ్ముళ్లకు వదులుకున్నాడు' అని రాస్తే సరిపోతుంది.

'వదిలేశాడు' తీసి 'వదులుకున్నాడు' పెట్టానని గమనించావా? ఇంగ్లీషుకు లేని పనిముట్టు మనకుంది, కొను. 'ఉద్యోగం వదిలేశాడు' అంటే బరువు దించుకున్నాడు. 'ఉద్యోగం వదులుకున్నాడు' అంటే ఆ పోయినది తనకు విలువైనదే, నష్టం తనదే. 'సిగరెట్టు మానేశాడు' అలవాటు ఆగిన వార్త. 'వెళ్లడం మానుకున్నాడు' అంటే కాలు ముందుకు పడబోయి ఆగింది. 'విడిచిపెట్టారు' అనగానే చెరలోంచి బయటికొచ్చిన మనిషి కనిపిస్తాడు. దొంగను విడిచిపెట్టారు గానీ, దొంగను వదులుకోలేదు. వేయు, కొను, పెట్టు, ఈ మూడు తోకలతోనే సగం పని అయిపోతుంది. క్విట్ దాదాపు ఎప్పుడూ 'వేయు' వైపు, ఫర్‌గో ఎప్పుడూ 'కొను' వైపు మొగ్గుతాయి.

ఫర్‌గోలో ఇంకో మెలిక ఉంది. అక్కడ వదులుకునేది ఇంకా చేతికి రానిది, రావలసినది. 2015లో కేంద్రం 'గివ్ ఇట్ అప్' అని వంటగ్యాసు సబ్సిడీ వదులుకోమంది చూడు, అది అచ్చమైన ఫర్‌గో. అందినది తిరిగి ఇమ్మనలేదు, ఇకమీదట అందుకోవద్దంది. దీనికి పక్కనుండే వెయివ్‌లో వదిలేవాడు అడిగే హక్కున్నవాడు. ఫీజు వసూలు చేయవలసిన కాలేజీ వెయివ్ చేస్తుంది, కట్టవలసిన పిల్లవాడు చేయలేడు. తెలుగులో మాఫీ అంటే చాలు. నువ్వు పదకొండో పేజీలో 'ఫీజును త్యజించారు' అన్నావు, కాలేజీ వాళ్లకు కాషాయం కట్టినట్టుంది. అన్నట్టు చెయ్యి ఊపే వేవ్ కూడా అదే ఉచ్చారణ, స్పెల్లింగులో ఒక్క 'ఐ' తేడా. మూలంలోనే అచ్చుతప్పు పడి ఉండొచ్చు, వాక్యం అర్థం చూసి తేల్చుకో.

సరెండర్‌నూ రినౌన్స్‌నూ విడదీయడానికి పాస్‌పోర్టు ఆఫీసును మించిన బడి లేదు. అమెరికా పౌరుడైన మనవాడు భారత పాస్‌పోర్టును సరెండర్ చేస్తాడు, అంటే వస్తువును అధికారి చేతికి అప్పగిస్తాడు. పౌరసత్వం అప్పగించే వస్తువు కాదు కదా. 1955 పౌరసత్వ చట్టం 8వ సెక్షన్‌లో దానికి వాడిన మాట రినౌన్స్: 'ఇక నాది కాదు' అని నోటితో, సంతకంతో ప్రకటించడం. 9వ సెక్షన్ ప్రకారం పరాయి పౌరసత్వం కోరి పుచ్చుకుంటే ఆ ప్రకటన లేకపోయినా మనది దానంతట అదే పోతుంది. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు క్రియలు. 'పాస్‌పోర్టు అప్పగించాడు, పౌరసత్వం వద్దని రాసిచ్చాడు' అను.

రినౌన్స్ అనగానే 'త్యజించు' అనే చెయ్యి నీది, జాగ్రత్త. తెలుగులో ఆ మాట ఒట్టిగా రాదు, వెనకాల త్యాగాన్ని వెంటబెట్టుకొస్తుంది. 1936 డిసెంబరులో ఇంగ్లండు రాజు ఎనిమిదో ఎడ్వర్డు సంతకం చేసిన పత్రంలో సింహాసనాన్ని రినౌన్స్ చేస్తున్నాననే ఉంది. దాన్ని ఆమోదించిన చట్టం పేరులో మాత్రం అబ్డికేషన్ అని రాశారు. ఆయన పెళ్లి కోసం గద్దె దిగాడు. 'సింహాసనాన్ని త్యజించాడు' అంటే కథకుడు ఆయన పక్షాన నిలబడ్డట్టే. 'వదులుకున్నాడు' అంటే ఎటూ మొగ్గదు. ఠాగూరు సర్ బిరుదు విషయంలో ఇంగ్లీషు వాళ్లు రినౌన్స్ అంటారు, మనం త్యజించాడంటాం, అక్కడ అది నప్పుతుంది. కానీ 1919 మే చివర వైస్రాయికి రాసిన లేఖలో ఆయన అడిగింది ఆ బిరుదు నుంచి తనను విముక్తుణ్ణి చేయమని. బరువు దించమన్నాడు, బహుమతి విసిరికొట్టలేదు. ఆ లేఖే తెలుగు చేయవలసి వస్తే నువ్వు ఏం రాస్తావు?

ఇక మనుషుల్ని వదిలేయడం. అబాండన్‌లో పడినదాన్ని ఎవరూ అందుకోరు: పసిబిడ్డ, ఓడ, సగంలో ఆగిన ఇల్లు. డెజర్ట్ అంటే విడిచి పారిపోవడం, అది చేసేవాడికి ఒక కర్తవ్యం ఉండితీరాలి, సైనికుడికో భర్తకో. 1955 హిందూ వివాహ చట్టంలో భర్తయినా భార్యయినా తగిన కారణం లేకుండా ఎడతెగక రెండేళ్లకు తగ్గకుండా వదిలి ఉంటేనే విడాకులకు అది ఆధారమవుతుంది. అలిగి పుట్టింటికి పోయిన ఆరు నెలలు డెజర్షన్ కాదు. నీ కథలో భార్య 'షీ లెఫ్ట్' మాత్రమే, దానికి 'పరిత్యజించింది' అనడం అన్యాయం. వెళ్లిపోయింది, అంతే.

ఫర్‌సేక్ అన్నిటికంటే కష్టం. అక్కడ వదిలినవాడి మీద వదలబడ్డవాడికి నమ్మకం ఉంది. శిలువ మీద క్రీస్తు కేకను తెలుగు బైబిల్లో 'నన్నెందుకు చెయ్యి విడిచితివి' అన్నారు. నిఘంటువులోని పది మాటల్లో ఆ చెయ్యి లేదు. అరవంలోనూ అదే చెయ్యి, 'కైవిట్టీర్'. చెన్నైలో పుట్టి పెరిగినదానివి, ఇది నీ చెవికి ముందే తెలిసి ఉండాలి. ఆ చెవే ఒక్కోసారి మోసం కూడా చేస్తుంది. అరవం 'విట్టుక్కొడు'ను నువ్వు 'విడిచి ఇచ్చింది' అని దించావు. తెలుగులో ఇద్దరు తగవులాడుకుంటుంటే ఒకరు 'సర్దుకుపోతారు', 'పట్టు విడుస్తారు', 'తగ్గుతారు'. ఇంగ్లీషు యీల్డ్‌కూ, గివ్ ఇన్‌కూ ఇవే సరైనవి.

రాజ్యాలు భూమి వదులుకుంటే సీడ్. దీన్ని ఇంగ్లీషు మాట అనుకోకు, మన సినిమావాళ్ల నోట రోజూ నలుగుతుంది: నైజాం, సీడెడ్, ఆంధ్ర వసూళ్లు. 1800లో నిజాం, కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత ఒప్పందం మీద వాళ్ల పరం చేశాడు. అవి మైసూరు యుద్ధాల్లో 1792లో, 1799లో తనకు దక్కినవే. ఇంగ్లీషువాళ్లు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, తెలుగులో దత్తమండలాలన్నారు. 'దత్త' అంటే ఇచ్చినవి. ఎవరు ఎవరి మెడ వంచితే ఇచ్చారో ఆ మాటలో లేదు, సీడ్‌లోనూ లేదు. సంతకం మాత్రం ఉంది. ఆ పేరు అక్కడివాళ్లకు రుచించలేదు, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించాక రాయలసీమ అయింది. సీడ్‌ను 'ఒప్పందం మీద ఇచ్చేశాడు' అని తెలుగు చెయ్యి, 'లొంగిపోయాడు' అనకు. 1945లో జపాను చక్రవర్తి రేడియో ప్రసంగంలోనే లొంగుబాటు అనే మాట లేదు, మిత్రరాజ్యాల ప్రకటనను అంగీకరిస్తున్నామనే ఉంది. క్రియను ఎన్నుకోవడంలోనే పరువు ఉంటుందని రాజులకు తెలుసు.

మన దగ్గర వదలడమంతా నీళ్లతోనే. దానమిచ్చేటప్పుడు ధార పోస్తాం, అందుకే 'ప్రాణం ధారపోశాడు' అంటే గొప్ప. అదే నీటిని పత్రికలు 'ప్రభుత్వ భూమిని ధారాదత్తం చేశారు' అని దెప్పడానికి వాడతాయి. తిరిగిరాని అప్పు మీద 'నీళ్లొదులుకుంటాం'. పార్టీ సిద్ధాంతాలకు 'తిలోదకాలిస్తారు', అంటే సిద్ధాంతం చచ్చిపోయింది, నువ్వులూ నీళ్లూ కూడా వదిలారు. గివ్ అవే, గివ్ అప్ ఆన్, అబాండన్, మూడింటికీ సరిపోయే మాటలివి, కానీ ఎకసెక్కం ఎక్కువ. మూలంలో ఎత్తిపొడుపు లేకపోతే తిలోదకాలు వాడకు.

గివ్ అప్ దగ్గర చిన్న మాటలే ప్రాణం తీస్తాయి. గివ్ అప్ ఆన్ హిమ్ అంటే వాడి మీద ఆశ వదులుకోవడం, గివ్ హిమ్ అప్ అంటే వాణ్ణి పోలీసులకు అప్పగించడం, గివ్ హిమ్‌సెల్ఫ్ అప్ అంటే వాడే వెళ్లి లొంగిపోవడం. పదిహేడో పేజీలో తల్లి కొడుకు మీద ఆశ వదులుకుంది. నువ్వేమో ఆవిడ చేత వాణ్ణి స్టేషన్లో అప్పగించావు.

చివరిది రిజైన్. ఇరవయ్యో పేజీలో ముసలాయన రిజైన్డ్ టు ఇట్, నువ్వు 'దానికి రాజీనామా చేశాడు' అన్నావు. రిటైరయి పన్నెండేళ్లయిన మనిషి! ఆయన దానికి 'సరిపెట్టుకున్నాడు'.

మిగిలిన చోట్ల వాక్యం కింద పెన్సిలుతో మూడు ముక్కలు రాయి: ఎవరు వదిలారు, ఎవరైనా మెడ వంచారా, వస్తువు ఎక్కడ పడింది. తర్వాత ఇంగ్లీషు మూసేసి తెలుగు దించు. అయ్యాక మూడో పేజీ నుంచి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.