'నోరు జారారు' అనవచ్చా?

సందేహం: నేను గుంటూరులో తెలుగు టీచర్‌ని. ప్రజాప్రతినిధి ఒకరు బహిరంగ సభలో ప్రత్యర్థినీ, ఆయన ఇంట్లో ఆడవాళ్ళనూ చాలాసేపు తిట్టారు. మర్నాడు పేపర్లో 'నోరు జారిన నేత' అని శీర్షిక పెట్టారు. 'నోరు జారు' అనే జాతీయానికి సొంతవాక్యం రాయమంటే మా తొమ్మిదో తరగతి పిల్లాడు దీన్నే రాసుకొచ్చాడు. మార్కు వేయాలా వద్దా? ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. అసభ్యంగా మాట్లాడినవాణ్ణి 'సభ్యుడు' అనడం ఎలా కుదురుతుంది? ఆహ్వాన పత్రాల్లో 'గౌరవ శాసనసభ్యులు' అని వేస్తున్నారు, అది ఒప్పేనా?

సమాధానం: మార్కు వేయకండమ్మా. కానీ ఎందుకు వేయలేదో ఆ పిల్లాడికి విడమరిచి చెప్పండి. వాడు పేపరును నమ్మి రాశాడు.

'జారు' అకర్మక క్రియ. కాలు జారింది, పైట జారింది, చేతిలో గ్లాసు జారింది. వీటిలో మన ప్రయత్నం ఏమీ లేదు. నోరు జారడం కూడా అంతే, అనకూడదనుకున్న మాట అనుకోకుండా బయటపడటం. వియ్యాలవారింట్లో పాత గొడవ ఎత్తకూడదని ఒట్టేసుకుని వెళ్ళి, భోజనాల దగ్గర ఎత్తేస్తాం చూడండి, అదీ నోరు జారడమంటే. అలా జారినవాడు వెంటనే నాలిక కరుచుకుంటాడు. మైకు పట్టుకుని ఒక మాట అని, కింద జనం ఈలలు వేస్తే ఆగి, మళ్ళీ అదే మాట ఇంకా గట్టిగా అన్న మనిషికి ఏం జారినట్టు?

అలాంటివాడికి తెలుగులో వేరే జాతీయం సిద్ధంగా ఉంది. నోరు పారేసుకున్నాడు అంటాం. 'పర్సు పారేసుకున్నాను అంటే కావాలని పారేశానని కాదు కదా' అని మీ పిల్లలు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 'పర్సు పోయింది' అంటే ఎవరి తప్పో తెలియదు. 'పారేసుకున్నాను' అంటే అజాగ్రత్త నాదే, నష్టం నాదే అని ఒప్పుకున్నట్టు. చివర చేరిన 'కొను' చేసే పని అది. నోటికి వచ్చినప్పుడు కూడా అంతే, అన్నదీ ఆయనే, పరువు పోగొట్టుకున్నదీ ఆయనే. అరిచి మీదపడితే 'నోరు చేసుకున్నాడు' అనవచ్చు, చెయ్యి చేసుకోవడానికి అది జోడు.

ఇది వట్టి వ్యాకరణం పట్టింపు అనుకోకండి. 'నోరు జారారు' అని రాసిన మర్నాడు ఆ నాయకుడు ఏమంటాడో గమనించండి. 'ఆవేశంలో ఒక మాట దొర్లింది' అంటాడు. దొర్లడం కూడా అకర్మకమే, మాట దానంతట అదే దొర్లిందట. ఆ తర్వాత 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను' అంటాడు. ఆ వాక్యంలో నొచ్చుకున్న మనసు ఉంది, నొప్పించినవాడు లేడు. పేపరు శీర్షికలో మొదలైన తప్పించుకోలు క్షమాపణలో పూర్తవుతుంది. అందుకే విలేకరులను బతిమాలుతున్నాను. తిట్టినప్పుడు 'తిట్టారు' అని రాయండి. అది అచ్చ తెలుగు మాట, ఎవరికైనా క్షణంలో అర్థమవుతుంది. నిప్పులు చెరిగారు, విరుచుకుపడ్డారు, ఏకిపారేశారు, చీల్చి చెండాడారు అని రాస్తే తిట్టినవాణ్ణి వీరుణ్ణి చేసినట్టే. ఒకరు బడ్జెట్‌లో లెక్క తేలలేదని అడుగుతారు, ఇంకొకరు దానికి జవాబుగా అమ్మను తిడతారు. ఆ రెండిటినీ కలిపి 'పరస్పర విమర్శలు' అనడం ఘోరం. విమర్శ అంటే పరిశీలించి మంచిచెడ్డలు తేల్చడం. రెండోది దూషణ.

మీరు అడగకపోయినా ఇంకో సంగతి చెప్పాలి. తెలుగులో మనిషిని అవమానించడానికి తిట్టుమాటే అక్కర్లేదు. క్రియ చివర 'రు' తీసి 'డు' పెడితే చాలు, 'వచ్చారు' కాస్తా 'వచ్చాడు' అవుతుంది. ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా సూక్ష్మం. 'ఆవిడ వచ్చింది' అంటే ఏ లోటూ లేదు, మర్యాద సర్వనామంలోనే ఉంది. 'అది వచ్చింది' అన్నామంటే మనిషిని తీసుకెళ్ళి వస్తువుల్లో కలిపేసినట్టే. లోక్‌సభ సచివాలయం అన్‌పార్లమెంటరీ మాటలను ఏర్చి పుస్తకంగా వేస్తుంది. 2022లో వచ్చిన జాబితా మీద పెద్ద గొడవే జరిగింది. లోక్‌సభ 380వ నియమం ప్రకారం అమర్యాదకరమైన మాటలను స్పీకర్ రికార్డుల నుంచి తొలగించవచ్చు, అచ్చులో ఆ చోట నక్షత్రాల గుర్తులు పడతాయి. మరి మన 'డు'ని, మన 'అది'ని ఏ జాబితాలో చేరుస్తాం?

ఏకవచనం ఎక్కడ వినబడ్డా తప్పే అని నా ఉద్దేశం కాదు. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరలమ్మే అవ్వ 'నువ్వు పొద్దున్నే రావాల్సింది నాయనా, లేత బెండకాయలు అయిపోయినయ్' అంటే అందులో ఉన్నది ఆప్యాయత. ఆ మార్కెట్‌కు పెట్టిన పేరు అయ్యదేవర కాళేశ్వరరావు గారిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు శాసనసభకు మొదటి స్పీకర్ ఆయనే. స్పీకర్ అంటే గుర్తొచ్చింది, మన సభలో వాక్యవాక్యానికీ 'అధ్యక్షా' అంటుంటారు కదా. చాలామంది దాన్ని ఊతపదం అనుకుంటారు. సభ్యుడు ఏం చెప్పినా స్పీకర్‌కే చెప్పాలి, ఎదుటి సభ్యుడితో నేరుగా తలపడకూడదు అనే నియమం ఆ మాటలో ఉంది. 'అధ్యక్షా, సభ్యులు చెప్పిన లెక్క సరికాదు' అనేవాడికి 'నువ్వు' అనాల్సిన అవసరమే రాదు. 'అధ్యక్షా' వదిలేసి, పక్కకు తిరిగి వేలు చూపించగానే 'నువ్వెంత, నీ బతుకెంత' మొదలవుతుంది. వెలగపూడి నుంచి టీవీలో సభ వస్తున్నప్పుడు మీ పిల్లలను ఈ ఒక్కటీ గమనించమనండి. సభలో అన్న మాట మీద కోర్టులో కేసు నడవకుండా రాజ్యాంగం 194వ అధికరణంలో రక్షణ ఇచ్చింది. ఓటేసినవాళ్ళ తరఫున భయపడకుండా అడగడానికి ఇచ్చిన రక్షణ అది. దాన్ని అడ్డుపెట్టుకుని ఒకరి ఇంటి ఆడవాళ్ళ గురించి మాట్లాడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

దీనివల్ల పోతున్నదేమిటో మన వాడుకలోనే కనబడుతుంది. 'ఆ ఊళ్ళో ఆయన మాట చెల్లుతుంది' అంటాం. రూపాయికీ మాటకీ ఒకటే క్రియ. మాట ఇవ్వడం, మాట తప్పడం, మాట మీద నిలబడటం అంటూ నమ్మకాన్నంతా మాటతోనే కొలుస్తాం. ఇప్పుడు అరండల్‌పేటలో ఏ టీకొట్టు దగ్గరైనా నిలబడి వినండి. బాకీ వచ్చే నెల తీరుస్తానన్నవాడితో 'ఎన్నికల హామీలు ఇవ్వకు' అంటారు. 'ఆఫీసులో రాజకీయాలు ఎక్కువ' అంటే అక్కడ కుట్రలు ఎక్కువని. 'నా దగ్గరా రాజకీయం?' అంటే నన్నే మోసం చేస్తావా అని. రాజ్యానికి సంబంధించినది అనే అర్థమున్న మాటకు ఈ అర్థాన్ని జనమే వాడి వాడి అంటించారు. నమ్మకం సడలిందనడానికి భాష చదువుకున్నవాడిగా నాకు ఈ సాక్ష్యం చాలు. తిట్లతో ఇంకో నష్టం కూడా ఉంది. రోజూ ఒకరినొకరు 'దొంగ, దొంగ' అనుకుంటుంటే, ఒకరోజు ఎవరో నిజంగానే కాగితాలు పట్టుకొచ్చి ఫలానా చోట డబ్బు పక్కదారి పట్టిందని చూపించినా మనం వినం. 'వాళ్ళూ వాళ్ళూ తిట్టుకుంటున్నార్లే' అని చానల్ మార్చేస్తాం. నిజంగా దోచుకున్నవాడికి అంతకన్నా కావాల్సిందేముంది?

ఇక 'సభ్యుడు'. 'తత్ర సాధుః', అంటే 'అక్కడ తగినవాడు', అనే అర్థంలో పాణిని 'సభాయా యః' అని సూత్రం చెప్పాడు. సభలో మెలగడానికి తగినవాడు సభ్యుడు అని దీని సారం. సభ్యత, అసభ్యత రెండూ ఈ మాట నుంచి వచ్చినవే. వాడుకలో మాత్రం సభ్యత్వం వేరు, సభ్యత వేరు అయిపోయి చాలాకాలమైంది. కుటుంబ సభ్యుడు, సంఘ సభ్యుడు అంటున్నప్పుడు ప్రవర్తన ఊసే రాదు. కాబట్టి అసభ్యంగా మాట్లాడినా భాష లెక్కలో ఆయన సభ్యుడే, ఆ మాట తీసేయడం మన చేతుల్లో లేదు. మీ తరగతిలో దీన్ని చర్చకు పెడితే తిక్కన కౌరవసభలో కృష్ణుడి చేత చెప్పించిన 'సారపు ధర్మమున్' పద్యం కూడా చదివించండి. తాతను 'గుంటూరి విభుడు' అని చెప్పుకున్న కవి కాబట్టి మీ ఊరివాడే అనుకోవచ్చు. ధర్మం చెడిపోతుంటే ఆపగలిగి కూడా ఊరుకున్నవాళ్ళకే అది చేటు అని ఆ పద్యం భావం. సభలో ఒకరు తిడుతుంటే బల్లలు చరిచేవాళ్ళను పిల్లలు టీవీలో చూస్తూనే ఉన్నారు, వాళ్ళకు వేరే వివరించనక్కర్లేదు.

'గౌరవ శాసనసభ్యులు' సంగతి. గౌరవాధ్యక్షుడు, గౌరవ డాక్టరేట్ అన్నప్పుడు 'గౌరవ' అంటే మర్యాద కోసం ఇచ్చినది అని. ఓట్లతో గెలిచి బాధ్యత తీసుకున్న సభ్యుడు ఆ కోవలోకి రాడు. 'గౌరవనీయ' అనో 'మాన్య' అనో రాస్తే చిక్కు ఉండదు. శిలాఫలకాల మీద కూడా 'గౌరవ' అనే చెక్కుతున్నారు కాబట్టి వాడుక స్థిరపడినట్టే, తప్పని కొట్టేయను. మీ స్కూలు వార్షికోత్సవం ఆహ్వానంలో మాత్రం 'గౌరవనీయ శాసనసభ్యులు' అని వేయించండి. పేరు చివర 'గారు' ఉంటే 'వర్యులు' కూడా తగిలించనక్కర్లేదు.