గుండె పంపు ఉన్న మనిషికి వాల్వు లీకైతే: మా చిన్నాన్న విషయంలో జరిగింది

మీ నాన్నగారికి ఎల్‌వ్యాడ్ (బలహీనపడ్డ గుండెకి సాయంగా లోపల అమర్చే పంపు) పెట్టి ఏడాదిన్నర అయింది, ఇప్పుడు ఎకోలో (గుండె స్కానింగు) అయోర్టిక్ వాల్వు, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే చోట ఉండే తలుపు, లీకవుతోందని కనబడింది, ఛాతీ తెరవకుండా కాలి రక్తనాళం దారిన కొత్త వాల్వు వేయించేయొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో మా చిన్నాన్నకి ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

పంపు పెట్టింది చెన్నైలో. మొదటి ఏడాది హాయిగా గడిచింది. (ఒకసారి మా ఆర్ఎంపీ చెయ్యి పట్టుకుని, నాడి దొరక్క ఆయనే చెమటలు కక్కాడు. ఈ పంపున్న చాలామందికి నాడి అందదు.) తర్వాత పొలం దాకా నడిస్తే ఆయాసం మొదలైంది. రాత్రి రెండు దిండ్లు కావాల్సొచ్చాయి. పంపుని నడిపే బయటి పెట్టె, కంట్రోలర్లో ఫ్లో (పంపు తోడే రక్తం అంకె) మాత్రం ఎప్పటికంటే ఎక్కువే చూపిస్తోంది. పంపు బాగుంది కదా, గ్యాస్ అయ్యుంటుందని పది రోజులు పోగొట్టాం.

అక్కడే మోసపోయాం. మోటారు తోడిన నీళ్లు మళ్లీ అదే బావిలోకి జారిపోతున్నాయనుకోండి. మోటారు ఆగదు, మడి తడవదు. పంపు బృహద్ధమనిలోకి (గుండె నుంచి ఒంటికి వెళ్లే పెద్ద రక్తనాళం) పంపిన రక్తం లీకైన వాల్వు గుండా తిరిగి గుండెలోకే వస్తుంది. తోడిందే తోడుతుంటే అంకె పెరుగుతుంది, ఒంటికి మాత్రం అందదు.

పని అంతా పంపే చేసేస్తే వాల్వు తెరుచుకోవడం మానేస్తుంది. పైనుంచి ఒత్తిడి రాత్రీ పగలూ ఉంటుంది. అలా రెక్కలు అంటుకుని, మధ్యలో సందు పడుతుంది.

చిన్నాన్నకి ముందు బీపీ తగ్గించారు, నీరు పోయే మాత్రలు పెంచారు, ఎకో చూస్తూ స్పీడు సరిచేశారు. స్పీడు పెంచితే ఆయాసం తగ్గొచ్చు కానీ లీకూ పెరగొచ్చు. ఇంట్లో మాత్రం ఎవరూ దాని జోలికి వెళ్లకండి. మామూలు బీపీ మెషీను చాలాసార్లు ఎర్రర్ అంటుంది, డాప్లర్ (రక్తం పారే చప్పుడు పట్టే పరికరం) ఉన్నచోటే చూపించండి.

ఇక మీరడిగిన కాలి దారి వాల్వు. మామూలుగా వేసేవి ముసలితనంలో సున్నం పేరుకుని బిగుసుకుపోయిన వాల్వు కోసం చేసినవి. ఆ సున్నాన్నే పట్టుకుని నిలబడతాయి. పంపు ఉన్నవాళ్ల వాల్వులో సాధారణంగా సున్నం ఉండదు, జారిపోయే భయం ఎక్కువ. వాల్వు రెక్కల్నే పట్టుకునే జెనావాల్వ్ ట్రిలజీ అనేది ఉంది, లీకు వాల్వులకి దాన్ని యూరప్‌లో 2021లో అనుమతించారు. మీ నాన్నగారికి పనికొస్తుందేమో పేరు పెట్టి అడగండి.

ఛాతీ మళ్లీ తెరిచి రెక్కల మధ్య కుట్టు వేయడం, టిష్యూ వాల్వు (జంతువుల కణజాలంతో చేసింది) పెట్టడం కూడా ఉన్నాయి. రెండోసారి తెరవడమంటే ప్రమాదం ఎక్కువే. వాల్వుని పూర్తిగా మూసేస్తామంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అప్పుడు పంపు ఆగితే రక్తానికి వేరే దారి ఉండదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో కరెంటు ఎన్ని రోజులు లేదో గుర్తుందిగా? మేం అదనపు బ్యాటరీలు ఎప్పుడూ చార్జి చేసే ఉంచుతాం.

చిన్నాన్నకి ఆపరేషన్ దాకా రాలేదు. లీకు అలాగే ఉంది, టీ కొట్టు దాకా నడుస్తున్నాడు. రోజూ పొద్దున్నే బరువు చూసి పిన్ని పుస్తకంలో రాస్తుంది. బరువు గబగబా పెరిగినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, ఫ్లో అంకె ఎంతున్నా సరే, పంపు కోఆర్డినేటర్‌కి అదే రోజు ఫోన్ చేస్తున్నాం.