కీమో సంగతి తర్వాత, ముందు అమ్మ ఒట్టు తీసేయండి

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు, రిటైర్డ్ లెక్కల మాస్టారు. తగ్గని దగ్గుకు పరీక్షలు చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు, నాలుగో స్టేజీ. బయాప్సీ ముక్కను జన్యు పరీక్షలకు కూడా పంపారు, ఆ రిపోర్టు ఇంకా రావాలి. నాన్నకు నిమ్ము చేసిందని చెప్పాం. అమ్మకు తెలుసు కానీ ఆయన దగ్గర నోరు జారనని ఒట్టు వేయించుకున్నాం. ఫైలు మీద ఆస్పత్రి పేరులోనే క్యాన్సర్ అని ఉంటే అమ్మ దానికి అట్ట వేసింది. నాన్నకు ఎడమ చెవి సరిగా వినపడదు కాబట్టి, ఏదైనా మాట్లాడుకోవాలంటే ఆ పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నాం. అన్నయ్య వేరే ఊళ్లో ఉంటాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి 'ఎంతైనా పర్వాలేదు, కీమో మొదలుపెట్టించు' అంటాడు. చూసుకునేది నేనూ, నా భార్యా. ఈ వయసులో ఆయన్ని అంత బాధ పెట్టడం అవసరమా? అన్నయ్యకు ఎలా నచ్చచెప్పాలి? అమ్మను అడిగితే 'మీ ఇష్టంరా' అంటుంది.

సమాధానం: మీ అన్నయ్యకు ఎలా నచ్చచెప్పాలో నేను చెప్పను. అది మీ అన్నదమ్ముల పాత లెక్క, ఈ జబ్బుకు ముందు నుంచీ నడుస్తున్నది. 'చూసుకునేది నేనూ, నా భార్యా' అని రాసిన చోటే అది బయటపడింది. ఆయన దూరాన ఉండి డబ్బు పెడతానంటున్నాడు, మీరు దగ్గరుండి ఒళ్లు వంచుతున్నారు. తండ్రి మీద ఎవరికెంత ప్రేమో తేల్చుకోవడానికి ఇది సమయం కాదు. మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

నేను ఆగిపోయింది వేరే వాక్యం దగ్గర. నాన్నకు వినపడని చెవి పక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నాం అన్నారు. ఎంత మామూలుగా రాశారో! జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, తన ఇంట్లో తన ప్రాణం గురించి జరిగే చర్చను మీ మొహాలు చూసి ఊహించుకోవాల్సి వస్తోంది. ఆయనకేమీ తెలియదని మీ నమ్మకం. నిమ్ముకు బయాప్సీ ఏమిటన్న అనుమానం లెక్కల మాస్టారుకు రాదా? ఆస్పత్రి గోడల మీద ఏం రాసుందో ఆయన చదవరా? ఫైలుకు అట్ట ఎందుకని ఒక్కసారైనా అడిగారా? అడగలేదంటే దానికి అర్థం మీరే చూసుకోండి.

ఆయన కంటే పెద్ద దెబ్బ తగిలింది మీ అమ్మగారికి. మీ ఉత్తరం నిండా అన్నయ్యే, అమ్మ వచ్చింది ఒట్టు వేయడానికి, అట్ట వేయడానికి, 'మీ ఇష్టంరా' అనడానికి. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ భర్త దగ్గర ఏమీ దాచని మనిషి కావచ్చు, చాలా దాచిన మనిషీ కావచ్చు, అది వాళ్లిద్దరి సంగతి. కన్నకొడుకులు మధ్యలోకి వచ్చి 'ఇది చెప్పు, ఇది చెప్పకు' అని శాసించడం మాత్రం నాకు మింగుడుపడలేదు. రాత్రి ఆయన దగ్గుతో లేచి కూర్చుంటే వీపు రాసేది ఆవిడ. 'నాకేమైందే?' అని ఆయన అడిగితే మొహం తిప్పుకోవాల్సింది కూడా ఆవిడే. ఆ సమయానికి మీరు మీ గదిలో ఉంటారు, అన్నయ్య ఫోన్ పెట్టేసి ఉంటాడు. భర్తతో మాట్లాడే దారి మీరు మూసేశాక, మీతో మాత్రం ఏం మాట్లాడుతుంది? అందుకే 'మీ ఇష్టంరా'.

ఇక కీమో సంగతి. 'ఈ వయసులో' అన్న మాట ముందు పక్కన పెట్టండి. అమెరికా లెక్కల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడేనాటికి రోగి సగటు వయసు 70 దగ్గర ఉంటుంది. కాబట్టి 76 ఈ జబ్బులో వింత వయసేం కాదు. వయసు చూసి వైద్యం ఆపేయడం ఎంత తప్పో, వయసు చూడకుండా కుర్రాడికిచ్చే డోసే ఇవ్వడం కూడా అంతే తప్పు. 70 నుంచి 89 ఏళ్ల మధ్య వాళ్ల మీద ఫ్రాన్సులో ఒక పరిశోధన చేశారు, 2011లో ఫలితాలు వచ్చాయి. ఒకే కీమో మందు తీసుకున్నవాళ్లలో సగం మంది ఆరు నెలలు దాటితే, రెండు మందులు కలిపి తీసుకున్నవాళ్లలో సగం మంది పది నెలలు దాటారు. ఇది వింటే అన్నయ్య 'చూశావా' అంటాడు. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవడం, నీరసం కూడా ఆ రెండు మందుల వాళ్లలోనే బాగా ఎక్కువ. ఇది వింటే మీరు 'చూశావా' అంటారు. ఆ నాలుగు నెలల కోసం ఎంత బాధ పడొచ్చో చెప్పాల్సిన మనిషి మీ ఇద్దరిలో లేరు.

పైగా రిపోర్టు రాకముందే 'కీమోనా, వదిలేయడమా' అని కొట్టుకోవడం దేనికి? ఈజీఎఫ్ఆర్ లాంటి జన్యువుల్లో మార్పు కనబడితే దానికి రోజూ ఇంట్లో వేసుకునే మాత్రలున్నాయి. విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, గోళ్ల చుట్టూ పుండ్లు లాంటి ఇబ్బందులు వస్తాయి కానీ పెద్దవాళ్లలో చాలామంది వాటితో నెట్టుకొస్తారు. క్యాన్సర్ కణాల మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్షలో 50 శాతం, ఆ పైన వస్తే కీమో లేకుండా ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు, ఒక్కటే ఇచ్చే వీలు ఉండొచ్చు. దానికీ దుష్ప్రభావాలు ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. ఈ రెండు దారులూ మూసుకుపోతే అప్పుడు కీమో గురించి తర్జనభర్జన పడొచ్చు.

ఆ తర్జనభర్జనలో అమ్మగారి అవసరం ఎంతో చెబుతాను. పెద్దవయసు మనిషి మందు తట్టుకుంటారా లేదా అన్నది స్కాన్ చూసి తేలదు. ఈ మధ్య ఎన్నిసార్లు తూలిపడ్డారు, ఎంత బరువు తగ్గారు, స్నానం సొంతంగా చేస్తున్నారా, తన మాత్రలు తనే గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నారా, మరుపు ఉందా, దిగులుగా ఉంటున్నారా? ఇవి అడుగుతారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమని టైము చూస్తారు. 70 దాటిన క్యాన్సర్ రోగుల మీద అమెరికాలో చేసి 2021లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఈ వివరాలన్నీ రాబట్టి ముందే డాక్టరు చేతికిచ్చిన చోట తీవ్రమైన దుష్ప్రభావాలు 51 శాతం మందికి వచ్చాయి, ఇవ్వని చోట 71 శాతం మందికి. ఆరు నెలల తర్వాత బతికున్నవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వివరాలు తెలిసిన డాక్టర్లు మొదటి నుంచే డోసు తగ్గించి ఇచ్చిన సందర్భాలు ఎక్కువ, దానివల్ల ప్రాణాలేమీ ముందే పోలేదు.

మరి ఆ ప్రశ్నలకు జవాబులు మీ అన్నదమ్ముల్లో ఎవరి దగ్గరున్నాయి? ఆయన రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, లేచినప్పుడు మంచం కోడు పట్టుకుంటారో లేదో, బీపీ మాత్ర నిజంగా మింగుతారో తలగడ కింద పెడతారో అమ్మను అడగండి. ఆ చెవి సంగతే చూడండి. కీమోలో వాడే సిస్‌ప్లాటిన్ వినికిడినీ, కిడ్నీలనూ దెబ్బతీయగలదు. అందుకే పెద్దవాళ్లకు చాలాసార్లు దాని బదులు కార్బోప్లాటిన్ ఎంచుకుంటారు. పాక్లిటాక్సెల్ అనే ఇంకో మందుతో అరికాళ్లు తిమ్మిరెక్కి తూలిపడే ప్రమాదం ఉంటుంది. నాన్నగారికి ఒక చెవి మందమని డాక్టరుకు చెప్పారా? రహస్యాలు మాట్లాడుకోవడానికి గుర్తొచ్చిన చెవి అక్కడ గుర్తొచ్చిందా అని అడుగుతున్నాను.

ఇంకో మాట. కీమో మొదలైతే జ్వరం 100.4 డిగ్రీలకు చేరగానే, అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఓ మాత్ర వేసి తెల్లారాక చూద్దాం అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు వెచ్చబడిందని ముందు తెలిసేది పక్కన పడుకున్న మనిషికే. ఆవిడకు జబ్బు పేరు చెప్పి వదిలేశారు, ఈ సంగతులు ఎవరైనా చెప్పారా?

కాబట్టి ముందు చేయాల్సింది ఒట్టు తీసేయడం. 'నువ్వే చెప్పేయమ్మా' అని ఆవిడ నెత్తిన పెట్టకండి. 'నీకెలా తోస్తే అలా చెయ్యి, మేం అడ్డం రాం' అనండి. ఇద్దరూ తలుపేసుకుని ఏం మాట్లాడుకుంటారో మీకు అనవసరం. డాక్టరే చెబితే బాగుంటుందని ఆవిడ అంటే అదీ మంచిదే. అనుభవమున్న డాక్టరు గుక్క తిప్పుకోకుండా జబ్బు పేరూ స్టేజీ చెప్పరు. 'మీకు ఇప్పటిదాకా ఏం తెలుసు? ఇంకా ఎంతవరకు తెలుసుకోవాలనుంది?' అని మొదట అడుగుతారు. కొందరు పెద్దవాళ్లు 'నాకా వివరాలొద్దు, మా ఆవిడతో మాట్లాడండి' అంటారు. అలా అనడం ఆయన హక్కు. ఆ మాట ఆయన అనకముందే మీరు అనేసుకున్నారు, నా అభ్యంతరం దాని గురించే.

'తట్టుకోలేరు' అంటారని తెలుసు. కీమో డే కేర్‌లో సెలైన్ ఎక్కుతూ కూర్చున్నప్పుడు పక్క కుర్చీలో మనిషి 'మీకు ఎక్కడండీ?' అని అడుగుతాడు. అక్కడ అందరూ అడుగుతారు. ఆ మాట మీ నోటి నుంచి వినడం మేలో, ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి వినడం మేలో ఆలోచించండి. వైద్యం చేయించడం కొడుకు ధర్మం, ఒప్పుకుంటాను. మతి సక్రమంగా ఉన్న తండ్రిని ఎదురుగా పెట్టుకుని కొడుకులు ఓట్లు వేసుకోవడం ఏ ధర్మమో నాకు తెలియదు.

ఆయన్ని బాధ పెట్టకూడదన్న మీ భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. దానికీ మందుంది. ఏ దారి ఎంచుకున్నా పాలియేటివ్ కేర్ డాక్టర్ని ఇప్పుడే కలవండి. నొప్పి, ఆయాసం, దగ్గు, నిద్ర, దిగులు చూసేది వాళ్లే. ఆఖరి రోజుల్లో పంపే చోటని మనవాళ్లకో అపోహ. సరిగ్గా మీ నాన్నగారి లాంటి ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో అమెరికాలో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు చికిత్సకు మొదటి నుంచే ఈ వైద్యం కూడా తోడైనవాళ్లలో దిగులు తక్కువ, చివర్లో ఒంటి మీద పెట్టే అనవసరపు హింస తక్కువ. బతికిన కాలం కూడా 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. కాబట్టి ఆయన కీమో వద్దన్నా 'ఇక చేసేదేం లేదు' అని ఎవరినీ అననివ్వకండి. చేయాల్సింది చాలా ఉంటుంది.

సరే చేయించుకుంటాను అన్నారనుకోండి, అది రాసిచ్చిన బాండు కాదు. రెండు మూడు సైకిళ్లు, అంటే మందు ఎక్కించే విడతలు, అయ్యాక స్కాన్ తీస్తారు. జబ్బు ఎలా ఉందో డాక్టరు చెబుతారు, ఒళ్లెలా ఉందో ఆయన్ని అడగండి. చాలంటే ఆపేయొచ్చు. మధ్యలో ఆపితే మొదలుకే మోసమని ఎవరైనా భయపెడితే ఆ మాట డాక్టరు ముందే తేల్చుకోండి.

ఏ నిర్ణయమైనా అన్నయ్యకు చేరవేసే పని మీరు పెట్టుకోవద్దు. రాత్రి ఫోన్ రాగానే నాన్నగారి చేతికివ్వండి. స్పీకర్ పెట్టకండి. ఇచ్చి మీరు అవతల గదిలోకి వెళ్లండి.