నమ్మని యుద్ధంలో జెండా పట్టినవాడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటిసారి ఒక్క బిగిన చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజున ఎడ్జ్‌హిల్ గుట్ట దాకా వెళ్ళావు. యుద్ధం జరిగిన పొలాల్లో చాలా భాగం ఇప్పుడు మిలిటరీ మందుగుండు డిపో కంచె లోపల ఉంటే, బయటే నిలబడి చూసి వచ్చానని రాశావు. అది చదివి నీ మీద నమ్మకం కుదిరింది. కథ కోసం అంత దూరం నడిచే మనిషికి ఉన్నమాట చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

నీ కథలో, ఎడ్జ్‌హిల్ యుద్ధంలో రాజు జెండా పట్టిన సర్ ఎడ్మండ్ వెర్నీ రాజభక్తితో ఉప్పొంగిపోతూ ప్రాణం విడిచాడు. అసలు ఎడ్మండ్ అలా పోలేదమ్మా. 1642లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ యుద్ధం మొదలయ్యే రోజుల్లో, తన మనసులో ఉన్నది ఆయన రాజు పక్షానే ఉన్న ఎడ్వర్డ్ హైడ్‌తో విప్పి చెప్పుకున్నాడు. ఈ తగాదా నాకు నచ్చలేదు, వాళ్ళు అడిగినవి రాజు ఒప్పుకుంటే బాగుండునని మనసారా కోరుకుంటున్నాను అన్నాడు. ఏ బిషప్పుల కోసం ఇదంతా జరుగుతోందో ఆ బిషప్పుల మీద నాకు గౌరవం లేదు అన్నాడు. అయినా ముప్ఫై ఏళ్ళ బట్టి రాజుగారి రొట్టె తిన్నాను, ఇప్పుడు వదిలిపోయే నీచపు పని చేయలేను, ఇందులో నా ప్రాణం పోతుందని నాకు తెలుసు అన్నాడు. హైడ్ దీన్ని చాలా ఏళ్ళ తర్వాత, దేశం విడిచి ఉన్న వృద్ధాప్యంలో తన జీవితకథ రాసుకుంటూ గుర్తుచేసుకున్నాడు. మాటలు అక్షరాలా ఇవే కాకపోవచ్చు. మనిషి మాత్రం ఇతనే.

నువ్వు ఈ సంభాషణ చదివే ఉంటావు. బిషప్పుల ముక్క తీసేశావు, రొట్టె ముక్క ఉంచుకున్నావు. ఎందుకు తీశావో నాకు అర్థమైంది, నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. నా తొలి నవలలో నిజాం కొలువులో చిన్న ఉద్యోగం చేసే ఒక పెద్దాయనను మా తాతను చూసే రాశాను. 1948 సెప్టెంబరు వచ్చేసరికి ఆయన మనసు మారి, ఉద్యోగం వదిలేసి జనంలోకి నడిచి వెళ్ళినట్టు ముగించాను. పుస్తకం చదివి మా మేనత్త అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మీ తాత మారలేదురా. జనం మాటే న్యాయమని ఆయనకు ముందునుంచీ తెలుసు. తెలిసే కచేరీకి పోయేవాడు." ఆ మనిషిని రాయడం నాకు చేతకాక, నాకు చేతనైన మనిషిని రాశాను. నువ్వు అలా చేయకు.

నీ ఎడ్మండ్ "ప్రభువు ఉప్పు తిన్నాను" అంటాడు. మన చెవికి ఎంత హాయిగా ఉందో! కానీ ఉప్పు అనగానే మన కథల్లోని బంట్లందరూ వెనకాల వచ్చి నిలబడతారు, బొబ్బిలి కోట కూడా కనబడుతుంది. అతన్ని రొట్టే తిననివ్వు. ఆ రొట్టె నిజం రొట్టె. కుర్రతనం నుంచీ చార్లెస్ కొలువులో ఉన్నాడు. 1623లో యువరాజు పెళ్ళి సంబంధం కోసం మాడ్రిడ్ వెళ్ళినప్పుడు ఇతనూ ఆ బలగంలో ఉన్నాడు. తర్వాత నైట్ మార్షల్ పదవి, అంటే రాజు కొలువు చుట్టుపక్కల శాంతిభద్రతలు చూసే పని. ఉన్నిబట్టల మీద సుంకం రాబడిలోంచి ఏటా 400 పౌన్ల వర్షాసనం. కూతుళ్ళ పెళ్ళి ఖర్చులు ఆ డబ్బు మీదే ఆధారపడ్డాయి. కృతజ్ఞత అన్న మాటలో ఇదంతా ఉంది. ఇది చెబితే అతను తక్కువైపోతాడని భయపడకు.

ఇంకో చిన్న మాట, అతన్ని జమీందారు అనకు. మన జమీందారు సర్కారుకు శిస్తు వసూలు చేసి కట్టేవాడు. ఎడ్మండ్ బకింగ్‌హామ్‌షైర్‌లో క్లేడన్ అనే సొంత ఎస్టేటు ఉన్న భూస్వామి. అదీ చాలాకాలం కౌలులో ఇరుక్కుపోతే, 1620లో డబ్బు కట్టి విడిపించుకున్నాకే కుటుంబంతో అక్కడ చేరాడు. పైగా పార్లమెంటు సభ్యుడు కూడా. తండ్రీ పెద్దకొడుకు రాల్ఫూ ఒకే సభలో కూర్చున్నారు.

ఇక కవచం సంగతి. నీ కథంతా నిలబడవలసింది దీని మీదే, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. 1639లో స్కాట్లండ్ మీదికి రాజు సైన్యం కదిలినప్పుడు ఎడ్మండ్ రాల్ఫ్‌కు రాసిన ఉత్తరాలున్నాయి. ఒంటినిండా కవచం వేసుకుని పనిచేయమంటే మనిషి చస్తాడు అని విసుక్కున్నాడు. వీపుకు, రొమ్ముకు రేకులు, చేతికి తొడుగు చాలన్నాడు. పిస్తోలు గుండుకు ఆగే శిరస్త్రాణం తేలిగ్గా ఉన్నది దొరికితే పెట్టుకుంటానేమో అన్నాడు. అంటే బతకాలని లెక్కలు వేసుకుంటున్న మనిషి. మూడేళ్ళ తర్వాత, 1642 అక్టోబరు 23 ఆదివారం ఎడ్జ్‌హిల్‌లో, రాజు జెండా పట్టుకుని, కవచం కాదు కదా, తోలుకోటు కూడా వేసుకోలేదని ఆనాటి ఉత్తరమే చెబుతోంది.

ఎందుకు వేసుకోలేదో ఎవరూ రాయలేదు. నువ్వు "చావును వరించాడు" అని రాశావు. అది కొట్టేశాను, క్షమించు. 1639 నాటి విసుగే కావచ్చు, బరువు మోయడం ఇష్టం లేకపోవడమే కావచ్చు. ముందు ఏడాదే భార్య పోయింది. రాల్ఫ్ పార్లమెంటు పక్షాన నిలిచాడు. చిన్నకొడుకు, తండ్రి పేరే పెట్టుకున్న ఎడ్మండ్, రాజు పక్షాన ఉండి అన్నను నిష్ఠూరమాడుతూ ఆ సెప్టెంబరులోనే ఉత్తరం రాశాడు. ఇవన్నీ తెలిసిన పాఠకుడి ముందు, కవచం లేకుండా గుట్ట దిగుతున్న మనిషిని చూపించి ఊరుకో. అతని తలలోకి వెళ్ళకు. ఆ రేకులు గుడారంలో ఎక్కడ పెట్టి ఉన్నాయో రాయి, చాలు.

యుద్ధం నీకు బాగా వచ్చింది. ప్రిన్స్ రూపర్ట్ గుర్రపుదళం ఎదుటివాళ్ళను చెదరగొట్టి, వెంటపడి కైన్‌టన్ దాకా పోయి సామాను బళ్ళు దోచుకోవడం, ఇక్కడ నడుమ కాల్బలానికి దన్ను లేకుండా పోవడం, ఆ సందులోంచి పార్లమెంటు గుర్రాలు జెండా దాకా రావడం స్పష్టంగా కనిపించాయి. ఒకటి తీసెయ్యి: తెగిపడిన చెయ్యి జెండాకర్రను వదల్లేదన్న ఘట్టం. ఆ కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు, ఆ చేతికి ఉన్నదని చెప్పే, రాజు బొమ్మ ఉన్న ఉంగరం క్లేడన్‌లో దాచారు కూడా. కానీ దానితో ముగిస్తే నీ కథ స్మారక ఫలకంలా చదువుకుంటుంది. అంతకన్నా మంచి ముక్క నీ చేతిలోనే ఉంది. ఆయన తన చేత్తో ఇద్దరిని చంపాడనీ, అందులో ఒకడు జేసన్‌ను చంపినవాడనీ, పడేముందు జెండాకర్ర మొన విరిగేదాకా పోరాడాడనీ ఆ ఉత్తరమే చెబుతోంది. జేసన్ ఆయన సేవకుడు. నీ కథలో జేసన్ లేడు! రాజు కోసం వచ్చిన మనిషి, చివరి క్షణాల్లో తన పనివాణ్ణి చంపినవాడి మీదికి వెళ్ళాడు. ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

జెండాను ఆ సాయంత్రమే జాన్ స్మిత్ అనే కెప్టెన్ తిరిగి తెచ్చాడు, రాజు అతనికి నైట్ బిరుదు ఇచ్చాడు. ఎడ్మండ్ శవం మాత్రం రాల్ఫ్ ఎంత వెతికించినా దొరకలేదు.

కథ అక్కడ ఆపాలా, ముందుకు తీసుకెళ్ళాలా అని అడిగావు. నేనైతే తీసుకెళ్తాను. యుద్ధంలో ఓడినవాళ్ళ భూములు జప్తు చేసి, విలువలో ఇంత వంతని జరిమానా కట్టించుకుని వదిలిన కాలం అది. ఇక్కడ గెలిచిన పక్షంలో ఉన్న రాల్ఫ్ భూమి కూడా పోయింది. 1643లో అందరూ ఒప్పుకోవలసిన మతప్రతిజ్ఞ మీద సంతకం చేయనని ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. సభలోంచి తీసేశారు, క్లేడన్ జప్తయింది. విడిపించడానికి 1646లో అతని భార్య మేరీ గర్భంతో లండన్ వచ్చింది. కమిటీల చుట్టూ, పెద్దల గుమ్మాల చుట్టూ తిరిగింది. ఇక్కడ పుట్టిన మగబిడ్డా పోయాడు, అక్కడ ఫ్రాన్సులోని బ్లువాలో వదిలి వచ్చిన కూతురూ పోయింది. 1648 మొదట్లో జప్తు ఎత్తించి గానీ ఆమె తిరిగి వెళ్ళలేదు, మరి రెండేళ్ళకే కన్నుమూసింది. చిన్న ఎడ్మండ్‌ను 1649లో ఐర్లండ్‌లోని ద్రాహెడ పట్టణం పార్లమెంటు సైన్యం చేతికి చిక్కాక, ప్రాణభిక్ష ఇచ్చి మరీ చంపారు. తండ్రి నమ్మని యుద్ధానికి వెళ్ళాడు, పెద్దకొడుకు నమ్మని ప్రతిజ్ఞకు సంతకం పెట్టలేదు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని నువ్వు చెప్పనక్కర్లేదు, ఘట్టాలు పక్కపక్కన పెట్టు.

ఆ ఇంట్లో ఎవరూ కాగితం పారేయలేదు, అది నీ అదృష్టం. 30,000 పైచిలుకు ఉత్తరాలు మిగిలాయి. రోజుకు నాలుగైదు చదువు. యుద్ధం గురించినవి తర్వాత చూడొచ్చు, ముందు ఎస్టేటు గుమాస్తాకు రాసినవి చదువు. కౌలు బాకీలు, ఇంటి కాపలా, తుపాకిమందు, గుర్రాలు. అంతఃకలహంలో భూమి ఉన్న మనిషి భయం ఎలా ఉంటుందో అందులో దొరుకుతుంది.

తర్వాతి ప్రతి తొందరేమీ లేదు, సంక్రాంతికి పంపినా చాలు. జేసన్ మొదటి పేజీలోనే కనిపించాలి. ఆ ఆదివారం పొద్దున వాడి చేతిలో ఆ తోలుకోటు ఉంటే బాగుంటుందేమో, ఆలోచించు. మార్జిన్ ఈసారి కొంచెం ఎక్కువ వదులు, నా అక్షరాలు పెద్దవయ్యాయి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు