తెర లాగే చేతికి పద్యం రావాలి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. థియేటర్ ఆర్ట్స్ చదువు పూర్తిచేసి మన సురభి నాటక సమాజంలోనే, అదీ తెర వెనక పనిలో చేరతానన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన పిల్లల్లో చాలామంది వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టను, ఇల్లు గడవాలి కదా. నువ్వు కోరి వస్తున్నావు కాబట్టి, వచ్చేలోపు కొన్ని సంగతులు నీ చెవిన వేయాలి.

అన్నిటికంటే ముందు పద్యాలు నేర్చుకో. తెర వెనక పనికి పద్యాలెందుకు పెదనాన్నా అంటావేమో. మన నాటకంలో తెర లేవాలన్నా, లైటు మారాలన్నా, దారం లాగాలన్నా గడియారం చూసి చేసే పని కాదు, అన్నిటికీ పద్యమే ఆధారం. ఒకే పద్యాన్ని ఒక నటుడు నిమిషంలో ముగిస్తాడు. ఇంకొకాయన ఆఖరి పాదం దగ్గర రాగం అందుకుని మూడు నిమిషాలు నిలబెడతాడు. గొంతు బాగున్న రోజు ఐదు నిమిషాలు కూడా పాడతాడు. స్క్రిప్టులో 'పద్యం అయ్యాక తెర' అని రాసుంటే సరిపోదు. ముఖ్యంగా సీస పద్యం దగ్గర జాగ్రత్త. నాలుగు పాదాలు పూర్తికాగానే పద్యం అయిపోయిందని కొత్తవాళ్లు తాడు మీద చెయ్యి వేస్తారు. దాని కింద ఆటవెలదో తేటగీతో, అంటే ఇంకో చిన్న గీతపద్యం ఉంటుంది. నటుడు అసలు బలమంతా దాచుకునేది ఆ గీతం కోసమే. అక్కడ తెర పడిందంటే ఆ మనిషి వారం రోజులు నీతో మాట్లాడడు, మాట్లాడకపోవడం న్యాయమే.

గీతం కూడా అయ్యాక రాగం సాగుతూ సాగుతూ షడ్జం మీద, అంటే 'స' స్వరం మీద వచ్చి నిలుస్తుంది. అప్పుడు నటుడి చెయ్యి చూడు. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంటే రాగంలో ఇంకో సంగతి వేయబోతున్నాడని, అంటే ఇంకా పాడతాడని అర్థం. చెయ్యి కిందికి దిగి, హార్మోనియం ఆయన బెల్లోస్ మీద చెయ్యి తేలిక చేశాక అప్పుడు లాగు. ఈలోగా జనం 'వన్స్ మోర్' అన్నారనుకో, తాడు వదిలేసి మళ్లీ పద్యం మొదటికి వెళ్లిపోవాలి. చిరాకు పడకూడదు. అందుకే హార్మోనియం ఆయనతో స్నేహం చెయ్యి. ఎవరిది ఏ శ్రుతో ఆయనకు కంఠతా ఉంటుంది. అనుకున్న నటుడికి జ్వరం వచ్చి వేషం ఇంకొకరు కడుతున్నారంటే, మేకప్ మొదలయ్యేలోపే ఆ కబురు ఆయనకు అందించాల్సింది నువ్వే. స్టేజీ ఎక్కాక శ్రుతి వెతుక్కోవడం చూసేవాళ్లకీ బాధే, పాడేవాళ్లకీ బాధే.

మన తెరల పద్ధతి నీకు కొంత తెలుసు. ముందు వీధి బొమ్మ వేసిన తెర దింపి దాని ముందు ఇద్దరు ముగ్గురితో చిన్న సీను నడుపుతాం. అదే సమయంలో దాని వెనక దర్బారు సిద్ధం కావాలి. సింహాసనం, స్తంభాలు, ఛత్రం, ఆఖరికి రాజుగారితో సహా. ఈ పనంతా జనానికి వినపడకుండా జరగాలి. బల్లను ఈడ్చకుండా ఇద్దరు పట్టి ఎత్తాలి. కాళ్లకు చెప్పులుండవు. గజ్జెలు కట్టుకున్నవాళ్లు ఆ సమయంలో కదలకూడదు. మాటలు వద్దు, చేతి సైగలే. ఇప్పుడు కాలర్ మైకులు వచ్చాక ఇంకో టెన్షన్ తోడైంది. వింగులోకి, అంటే స్టేజీ పక్క మరుగులోకి వచ్చిన నటుడు మైకు ఆపకుండా 'మంచినీళ్లు ఇవ్వమ్మా' అంటే ఆ మాట ఆఖరి వరసకు కూడా వినపడుతుంది. వింగులోకి రాగానే మైకు ఆపించు. ఎంత పెద్దవాళ్లయినా మొహమాటపడకు.

మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరివెళ్లే సీను కోసమే సగం మంది వస్తారు. ఆ కిటుకు కాగితం మీద రాయను, వచ్చాక నీ చేతికే చూపిస్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకో. దారం మీద పక్క నుంచి వెలుతురు పడితే ఆట పోయినట్టే. ప్రతి ఊళ్లోనూ లైట్లు పెట్టాక నువ్వే స్వయంగా మొదటి వరసలోనూ, చివరి వరసలోనూ, రెండు పక్కల మూలల్లోనూ కూర్చుని చూడాలి. వేరేవాళ్లు బాగానే ఉందంటే నమ్మకు.

నిప్పు దగ్గర మాత్రం నాకు రాజీ లేదు. మంటలోకి గుగ్గిలం పొడి విసిరితే భగ్గుమని లేచే వెలుగు రాక్షస పాత్రల ప్రవేశానికి ఎంత అందమో, విగ్గులకూ గడ్డాలకూ బట్ట తెరలకూ అంత ప్రమాదం. విసిరేవాళ్లు ఒకరు, బక్కెట్టు నీళ్లూ తడిపిన గోనెపట్టా పట్టుకుని పక్కనే నిలబడేవాళ్లు ఇంకొకరు. ఆ రెండో మనిషి లేనిరోజు మంట వద్దని చెప్పేసెయ్. ఆట తగ్గింది అంటారు. అననీ.

కిరీటం కట్టేటప్పుడు చెవులు మూయకు. లోపల గుడ్డ వత్తు పెట్టి నుదుటికి బిగించాలి, చెవి మాత్రం బయటికి ఉండాలి. హార్మోనియం సరిగ్గా వినపడకపోతే ఎంత పెద్ద గాయకుడైనా శ్రుతి జారతాడు. మీసానికి వాడిన స్పిరిట్ గమ్ ఆట అయ్యాక పీకనివ్వకు, కొబ్బరినూనె రాసి మెల్లగా తీయించు. మన పెద్దవాళ్ల కాలంలో మొహానికి అర్దళం అనే పసుపు రంగు పొడి పూసేవారు. అందులో ఆర్సెనిక్ ఉంటుంది. ఇప్పుడు మంచి రంగులు దొరుకుతున్నాయి. ఎవరైనా పాతదే మెరుస్తుందని తెస్తే వద్దను.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచక వధ ఆడించిన దగ్గర్నుంచీ మనవి కుటుంబాల నాటకాలు. స్త్రీ వేషాలు స్త్రీలే కట్టే సంప్రదాయం మనది. అందువల్ల మన గ్రీన్ రూమ్‌లో తల్లులుంటారు, పసిపిల్లలుంటారు. సుభద్ర వేషంలో ఉన్న తల్లి పాలిచ్చి పరుగున స్టేజీ మీదికి వెళ్తుంది. ఆ బిడ్డను ఎత్తుకోవడం ఎవరి పని అని అడగకు, ఆ క్షణంలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్ల పని. ఆ పిల్లలే రేపు ప్రహ్లాదుడూ, లవకుశులూ. వింగులో కూర్చుని వింటూనే నేర్చుకుంటారు, వాళ్లను తరిమెయ్యకు.

నువ్వు చదివిన చదువు దాచుకోనక్కర్లేదు. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్‌గారు సురభి కళాకారులతో భీష్మ నాటకం చేయించినప్పుడు కొత్త పద్ధతులు మనవాళ్లు ఇష్టంగానే నేర్చుకున్నారు. లైటింగ్ చార్టు వేస్తానంటే వెయ్యి. కాకపోతే మొదటి ఆరు నెలలు చూడు, మొయ్యి, తర్వాత మార్చు.

డబ్బు సంగతి నీకు దాచి చెప్పను. ఆటలున్న నెల బాగుంటుంది, లేని నెల కష్టం. పగటిపూట ఏ స్కూల్లోనో డ్రామా నేర్పే పని చూసుకో. సంకోచపడనక్కర్లేదు, మనవాళ్లు చాలామంది అలాగే నెట్టుకొస్తున్నారు.

తడిసిన తెర ఎప్పుడూ చుట్టకు. ఎంత రాత్రయినా, లారీవాడు ఎంత తొందరపెట్టినా ఆరనివ్వు. చుడితే రంగులు ఒకదానికొకటి అంటుకుని, అడవిలో దర్బారు కనపడుతుంది. అలాంటి తెర మళ్లీ రాయించాలంటే ఇప్పుడు చెయ్యి తిరిగిన చిత్రకారులే దొరకడం లేదు.

వచ్చే శనివారం మాయాబజార్ ఉంది. ఆరున్నరకు ఆట, నువ్వు మధ్యాహ్నం పన్నెండుకల్లా వచ్చెయ్. ముదురు రంగు చీరో డ్రెస్సో వేసుకో, గాజులు వద్దు. పెద్దమ్మ అన్నం కట్టి తెస్తుంది. బస్సులో వచ్చేటప్పుడు మొదటి అంకం పద్యాలు ఒకసారి చదువుకో, రాగానే అప్పజెప్పించుకుంటాను.

నీ
పెదనాన్న