పెట్టె మీద ఏ పేరు రాయాలి: ఒక యువ రచయితకు లేఖ

చెన్నై

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. టి.నగర్ ఇంట్లో మీ తాతయ్య ట్రంకుపెట్టె తెరిచావనీ, ఆయన గురించి రాసే ముందు కాగితాలన్నీ ఉత్తరాలు, లెక్కలు, ఫోటోలు అని విడదీయబోతున్నావనీ రాశావు. దయచేసి ఆ పని ఆపు.

నువ్వు పంపిన ఫోటోలో కౌలు లెక్కల కట్ట మధ్య నెల్లూరు నుంచి వచ్చిన కార్డు ఒకటి ఉంది. విత్తనాలకు డబ్బు పంపమని ఆయన అమ్మగారు రాసింది. దానికే మనియార్డరు రసీదు గుచ్చి ఉంది. కార్డు ఒక పెట్టెలోకి, రసీదు ఇంకో పెట్టెలోకి పోతే కొడుకు డబ్బు పంపాడో లేదో ఇక ఎవరికీ తెలియదు. ఒకరి కాగితాలను మరొకరి వాటితో కలపొద్దని ఫ్రాన్సులో 1841లోనే సర్క్యులర్ వేశారు. వాటి వరస చెదరగొట్టొద్దని ప్రష్యాలో 1881లో నియమం పెట్టారు.

ఇక పేరు. ఒక మనిషి బతుకులో పోగుపడ్డవి ‘పత్రాలు’. ఒక ఆఫీసు పనిలో పుట్టినవి ‘రికార్డులు’. ఎగ్మోర్‌లో, తమిళనాడు ఆర్కైవ్స్‌లోని రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ అలాంటివే. పనిగట్టుకుని తలోచోట నుంచి తెచ్చి చేర్చినవి ‘సేకరణ’. కంపెనీ కాలంలో సర్వేయర్‌గా పనిచేసిన కల్నల్ కాలిన్ మెకంజీది సేకరణ. అందులోని కైఫీయత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, ఆయన రాసినవి కావు. కావలి సోదరుల్లాంటి సహాయకులు ఊళ్ల నుంచి సంపాదించి తెచ్చారు. 1821లో ఆయన పోయాక, పాడైపోతున్నవాటికి సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. ఇక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఒక కైఫీయత్తు చదివేటప్పుడు ఊళ్లో చెప్పినదెవరు, తెచ్చినదెవరు, నకలు రాసినదెవరు అని మూడూ అడగాలి. అడగకుండా చరిత్ర రాసేస్తున్నవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మీ పెట్టెలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. మొత్తానికి తాతయ్య పేరుతో ‘పత్రాలు’ అని పెట్టు. పక్కన మొదటి కాగితం, చివరి కాగితం ఏ సంవత్సరాలవో రాసిపెట్టు. ఆయన ఏరి కొన్న సినిమా పాటల పుస్తకాలు అందులోనే ఒక చిన్న సేకరణ. కార్యదర్శిగా ఆయన రాసిన మినిట్స్ పుస్తకం మాత్రం తెలుగు సంఘం రికార్డు. సంఘం ఇంకా నడుస్తుంటే వాళ్లను కనుక్కో. ‘అరుదైన నిధి’ లాంటి పేర్లు వద్దు, వాటివల్ల లోపల ఏముందో తెలియదు.

ఏదీ కదపకముందే పై నుంచి కింది దాకా వరసగా ఫోటోలు తీసి, కట్టలకు పెన్సిల్‌తో నంబర్లు వెయ్యి. జాబితా రాశాక పంపు, చూస్తాను.

మీ అన్నయ్య